రిజిస్టర్లో ఉద్యోగం, ఇంట్లో మనిషి: ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా

మా రిజిస్టర్లో అతని పేరు ఎదురుగా పచ్చ ఇంకుతో టిక్కు ఉంది. ఉద్యోగం దొరికింది, చేరాడు, కేసు ముగిసింది అని దాని అర్థం. చేరిన 19వ రోజు నుంచి అతను ఇంట్లోనే ఉన్నాడు. ఆ సంగతి మాకు తెలిసింది 90వ రోజున, అదీ ఫాలో అప్ ఫోను చేయాల్సిన గడువు వచ్చింది కాబట్టి. ఫోను వాళ్ల అక్క ఎత్తింది. "వాడు మానేసి రెండు నెలలు దాటింది మేడమ్, మీకు తెలుసనుకున్నాం" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా నుంచి ఇంకేమీ ఆశించడం మానేసిన మనిషి మాట్లాడినట్టు ఉంది.

ఉద్యోగం దొరకడం కష్టమైనవాళ్లకు తోడుండే ఒక స్వచ్ఛంద సంస్థలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, జైలు నుంచి బయటికొచ్చినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటూ ఏళ్లకేళ్లు బయటి పనికి దూరమైన ఆడవాళ్లు మా దగ్గరికి వస్తారు. ఈ కేసు రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను, రాసింది చదివించాను, రెండు చోట్ల "ఇలా కాదు" అన్నాడు, మార్చాను. అతన్ని గుర్తుపట్టే వివరాలు ఏవీ ఉంచలేదు.

మా దగ్గరికి వచ్చేనాటికి అతనికి 34 ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా జబ్బు మొదలైంది, స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు) అని తేలడానికి చాలా కాలం పట్టింది, రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్నాడు. మధ్యలో ఎనిమిది నెలలు ఒక ప్రింటింగ్ షాపులో పనిచేశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఖాళీ. గత నాలుగేళ్లుగా మందులు మానకుండా వాడుతున్నాడు, లక్షణాలు అదుపులో ఉన్నాయి. పని చేయాలని ఉందని తనంతట తానే డాక్టరుతో అంటే, ఆయన మా నంబరు ఇచ్చారు.

మేం ఏం చేశామంటే, అందరికీ చేసేదే చేశాం. ఐదు నెలల ట్రైనింగ్. కంప్యూటర్ బేసిక్స్, మాట్లాడే తీరు, బయోడేటా రాయడం, మాక్ ఇంటర్వ్యూలు. ముందు మనిషిని సిద్ధం చేయాలి, సిద్ధమయ్యాకే బయటికి పంపాలి అని మా నమ్మకం. వినడానికి ఎంతో బాధ్యతగా అనిపిస్తుంది. కానీ ఆ ఐదు నెలల్లో అతను నేర్చుకున్నది క్లాసులో కూర్చోవడం. వచ్చేవాడు, వెనక వరసలో కూర్చునేవాడు, నోట్సు రాసుకునేవాడు, వెళ్లిపోయేవాడు. మాక్ ఇంటర్వ్యూలో "మీ బలాలు ఏమిటి" అని అడిగితే మేం నేర్పిన మూడు వాక్యాలూ తడబడకుండా చెప్పాడు, మేం చప్పట్లు కొట్టాం. బయట 14 చోట్ల అప్లికేషన్లు పెడితే ఒక్క చోట నుంచీ పిలుపు రాలేదు, ఎందుకంటే ఆ మూడు వాక్యాలు చెప్పే దాకా అతన్ని ఎవరూ రానివ్వలేదు.

అది అతని లోపం కాదని చెప్పడానికి ఊహ అక్కర్లేదు. అమెరికాలో క్రాఫ్ట్, లాంగే, నోటోవిడిగ్డో అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధన ఉంది. 3,000కు పైగా ఉద్యోగ ప్రకటనలకు సుమారు 12,000 కల్పిత రెజ్యూమెలు పంపి, ఎన్ని నెలలుగా ఖాళీగా ఉన్నాడన్నదాన్ని మార్చి చూశారు. ఖాళీగా ఉన్న కాలం పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి, ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది నెలల్లోనే ఉంది. ఎనిమిది నెలలకే అలా ఉంటే తొమ్మిదేళ్ల ఖాళీ ఉన్న కాగితం గురించి చెప్పేదేముంది. జైలు నుంచి వచ్చినవాళ్ల విషయంలో డెవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2003లో ప్రచురించిన అధ్యయనం ఇంకా నిష్ఠూరంగా ఉంటుంది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒకే రకం అర్హతలు చూపించి కుర్రాళ్లను ఉద్యోగాలకు పంపితే, నేరచరిత్ర లేని తెల్లవాళ్లకు 34 శాతం చోట్ల పిలుపు వచ్చింది, ఉందని చెప్పినవాళ్లకు 17 శాతం. నల్లజాతివాళ్లలో అవే అంకెలు 14, 5. అంటే ఏ నేరమూ చేయని నల్ల కుర్రాడి కన్నా జైలుకెళ్లొచ్చిన తెల్ల కుర్రాడికి పిలుపులు ఎక్కువ. ఇలాంటి తలుపు ముందు మనిషిని నిలబెట్టి "బాగా మాట్లాడు, చిరునవ్వుతో ఉండు" అని నేర్పడం మా ట్రైనింగ్.

ఆ తర్వాత ఉద్యోగం ఎలా దొరికిందంటే, మాకు తెలిసిన ఒక ఆఫీసులో డేటా ఎంట్రీకి మనిషి కావాలన్నారు. మూడు నెలల రిపోర్టు ఇవ్వాల్సిన సమయం అది, ప్లేస్‌మెంట్ల సంఖ్య తక్కువగా ఉంది. అతన్ని పంపాం. ఈ పని అతనికి కుదురుతుందా అని ఎవరమూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

అక్క ఫోను తర్వాత నేను వాళ్లింటికి వెళ్లాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు వెళ్తే గానీ అతను మాట్లాడలేదు. ఆ 19 రోజుల్లో ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రాత్రి వేసుకునే మందు వల్ల పొద్దున పది దాకా తల బరువుగా ఉంటుంది, పని తొమ్మిదికి మొదలు. సూపర్‌వైజర్ నడుస్తూ నడుస్తూ మూడు పనులు ఒకేసారి నోటితో చెప్పి వెళ్లిపోయేవాడు, మొదటిది గుర్తుండేది, మిగతా రెండూ జారిపోయేవి, మళ్లీ అడగడానికి మొహమాటం. ఇవన్నీ ఉన్నా నెట్టుకొచ్చాడు. ఉద్యోగం పోయింది మాత్రం వీటి వల్ల కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. కారణం చెప్పలేక జ్వరం అని సెలవు పెట్టాడు. రక్తపరీక్ష కోసం అదే వారంలో మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. రెండోసారి జ్వరం అని చెప్పడానికి నోరు రాలేదు, చెప్పకుండా మానేశాడు. మర్నాడు వెళ్తే ఎందుకు రాలేదని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేక ఫోను ఆపేసి పడుకున్నాడు.

ఐదు నెలలు ట్రైనింగ్ ఇచ్చాం, సెలవు ఎలా అడగాలో మాత్రం అందులో లేదు. అంతకంటే ముఖ్యం, అతను ఆ పొద్దున ఫోను చేయగలిగిన మనిషి ఒక్కరు కూడా లేరు. మా నంబరు ఉంది, కానీ మేం టిక్కు పెట్టేశాం కదా, ఇంక ఆ నంబరు తనది కాదనుకున్నాడు.

ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఐపీఎస్ పద్ధతి తెలిసే ఉంటుంది. ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్ అంటారు, 1990ల్లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబోరా బెకర్ రూపొందించారు. ముందు ట్రైనింగ్, తర్వాత ఉద్యోగం అనే వరసను అది తిరగేసింది. మనిషికి పని చేయాలని ఉంటే చాలు, అదే అర్హత. నెల తిరగకుండా యజమానులను కలవడం మొదలుపెట్టాలి, నేర్చుకోవాల్సింది పనిలో ఉండగానే నేర్చుకోవాలి, వైద్యం చేసేవాళ్లూ ఉద్యోగం చూసేవాళ్లూ ఒకే జట్టుగా కూర్చోవాలి, తోడుకు గడువు పెట్టకూడదు. 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు యూరప్ కేంద్రాల నుంచి తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్న 312 మందిని తీసుకున్నారు. ఐపీఎస్‌లో ఉన్నవాళ్లలో 55 శాతం మంది కనీసం ఒక్కరోజైనా బయటి ఉద్యోగంలో పనిచేశారు, మామూలు ట్రైనింగ్ సేవల్లో ఉన్నవాళ్లలో 28 శాతం. ఈ కాగితం నేను చాలాకాలం కిందటే చదివాను. చదివి కూడా పాత పద్ధతిలోనే నడిచాం, ఎందుకంటే క్లాసులు పెట్టడం తేలిక, క్లాసుకు ఎంతమంది వచ్చారో లెక్క చూపించడం ఇంకా తేలిక.

రెండోసారి

మళ్లీ మొదలుపెట్టినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, మీకు ఏ పని ఇష్టం. "ఏదైనా పర్లేదు మేడమ్." దాదాపు అందరూ ఇదే చెబుతారు. ఎంచుకునే హక్కు తమకు లేదని ఏళ్లుగా నమ్మినవాళ్లు వేరే ఏం చెబుతారు? అందుకే ప్రశ్న ఆపి చూడటం మొదలుపెట్టాను. మూడోసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు అతని గదిలో ఒక చెక్క అర నిండా ఖాళీ మందు సీసాలు కనిపించాయి. అక్క వాటిని పారేయాలని చూస్తుంటే అతను వద్దంటున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో సీసాలో ఒక్కో సైజు స్క్రూలు, నట్లు, స్ప్రింగులు, పాడైన రేడియోల్లోంచి తీసిన చిన్న చిన్న భాగాలు. ప్రతి సీసా మీద సన్నటి అక్షరాలతో పేరు, కొలత. తొమ్మిదేళ్లు ఖాళీగా ఉన్నాడని మేం కాగితం మీద రాసిన మనిషి ఆ తొమ్మిదేళ్లూ ఏం చేశాడో ఆ అరలో ఉంది.

అది చూశాక ఎలాంటి చోటు వెతకాలో తెలిసింది. ఏడు వారాల్లో 23 చోట్లకు స్వయంగా వెళ్లాను. ఫోను కాదు, మెయిల్ కాదు, మనిషిగా. ఐపీఎస్ ప్రమాణాల్లో ఒక ఉద్యోగి వారానికి కనీసం ఆరుసార్లు యజమానులను ముఖాముఖి కలవాలని ఉంటుంది, నేను సగటున మూడే చేయగలిగాను. వెళ్లి "మా దగ్గర ఒక మంచి అబ్బాయి ఉన్నాడు, అవకాశం ఇవ్వండి" అంటే జాలిగా చూసి పంపేస్తారు, మొదటి ఐదారు చోట్ల అదే జరిగింది. తర్వాత అడిగే తీరు మార్చాను. "మీ దగ్గర రోజూ సాయంత్రానికి మిగిలిపోయే పని ఏమిటి?" అని అడిగాను. ఈ ప్రశ్నకు మనుషులు నిజంగా ఆలోచించి జవాబు చెబుతారు.

పదిహేడోది వాహనాల స్పేర్ పార్ట్స్ టోకుగా అమ్మే చోటు. ఆ ప్రశ్న అడగ్గానే యజమాని లేచి నన్ను గోదాం వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ వాపసు వచ్చిన సరుకు గుట్ట. విప్పిన డబ్బాలు, బిల్లు అంటించి ఉన్నవి, లేనివి, ఏ కంపెనీవో తెలియనివి. కౌంటర్లో కుర్రాళ్లు తీరిక దొరికినప్పుడు సర్దాలి, తీరిక దొరకదు. స్టాకులో ఉన్న వస్తువే లేదని కస్టమర్‌ను పంపేసిన సందర్భాలు ఉన్నాయని ఆయనే చెప్పాడు. ఆ పూటంతా అక్కడ నిలబడి పనిని చూశాను, మర్నాడు వెళ్లి స్వయంగా చేసి చూశాను. డబ్బా తీయడం నుంచి అరలో పెట్టి పుస్తకంలో రాసేదాకా 17 చిన్న పనులు వచ్చాయి. పనిని ఇలా విడగొట్టి నేర్పడం 1970ల్లో మార్క్ గోల్డ్ అనే అమెరికా పరిశోధకుడు చూపించిన దారి, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్లు ఏమీ నేర్చుకోలేరని అందరూ అంటున్న రోజుల్లో ఆయన వాళ్లకు సైకిల్ బ్రేకు భాగాలు బిగించడం నేర్పాడు. ఈ 17లో అతనికి నిజంగా కష్టమయ్యేవి రెండే, వచ్చిన మనిషితో మాట్లాడి వాపసు ఎందుకో కనుక్కోవడం, బిల్లు లేనప్పుడు బేరం తేల్చడం. ఆ రెండూ కౌంటర్ వాళ్ల దగ్గరే ఉంచి మిగిలిన 15 పనులతో రోజుకు నాలుగు గంటల ఉద్యోగం ఒకటి రాసి చూపించాను. అలాంటి పోస్టు అక్కడ అంతకుముందు లేదు. ప్రకటన రాలేదు, పోటీ లేదు, ఎవరి రెజ్యూమె పక్కన అతని రెజ్యూమె పెట్టి చూసే పని లేదు.

యజమాని అడిగిన ప్రశ్న ఒకటే, "ఇన్నేళ్లు ఖాళీగా ఎందుకున్నాడు?" దీనికి ఏం చెప్పాలో ముందే అతనితో కూర్చుని తేల్చుకున్నాం. జబ్బు పేరు చెప్పాలా వద్దా, చెబితే ఎవరికి, ఎంత. ఇది అతని నిర్ణయం, మాది కాదు. కొందరు సహోద్యోగులు దీన్ని తేలిగ్గా తీసుకుని యజమానికి ఫోనులో అన్నీ చెప్పేస్తారు, సాయం చేస్తున్నామనే అనుకుంటారు. ఒకసారి బయటికెళ్లిన మాట వెనక్కి రాదు. అతను జబ్బు పేరు వద్దన్నాడు. ఒక కాగితం మీద పనికి అవసరమైన నాలుగు ముక్కలు మాత్రం రాశాం: ఆరోగ్యం బాగాలేక పని చేయలేదు, ఇప్పుడు వైద్యంలో ఉండి బాగున్నాను. మందుల వల్ల పొద్దున్నే మెల్లగా ఉంటాను, పదకొండుకు వస్తే బాగా చేయగలను. పని రాసి ఇస్తే మరచిపోను. నెలకో పూట డాక్టరు దగ్గరికి వెళ్లాలి, తేదీ ముందే చెబుతాను. ఈ ఆఖరి వాక్యం అతనే చేర్చాడు.

పనిలో ఇలాంటి సర్దుబాట్లు అడగడం దయ కోరడం కాదు. వైకల్యం ఉన్నవాళ్ల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలో 27వ అధికరణం పని హక్కు గురించే, పనిచేసే చోట తగిన సర్దుబాట్లు ఉండాలని అందులోనే ఉంది. అయినా గోదాంలో నేను ఆ మాట ఎత్తలేదు. గుట్ట తగ్గడమే నా వాదన. రెండు వారాలు ట్రయల్, జీతంతో. ఇక్కడ నేను గట్టిగా ఉంటాను, జీతం లేని ట్రయల్‌కు మా వాళ్లెవరినీ పంపను, ఊరికే చేయించుకున్న పనికి విలువ ఉందని ఎవరూ ఒప్పుకోరు.

మొదటి మూడు రోజులు అతని పక్కనే ఉన్నాను, అది పొరపాటని మూడో రోజుకే అర్థమైంది. పక్కన ఒక మేడమ్ నిలబడి ఉంటే మిగతావాళ్లు అతన్ని వేరుగా చూడటం మొదలుపెట్టారు, ఏదైనా చెప్పాలంటే అతనితో కాకుండా నాతో చెబుతున్నారు. నాలుగో రోజు నుంచి గోదాం లోపలికి వెళ్లడం మానేసి, పని అయ్యాక బయట కలిసేదాన్ని. నా బదులు లోపల ఒక మనిషి కావాలి. కౌంటర్లో చాలా ఏళ్లుగా ఉన్న ఒక పెద్దాయన మొదటి రోజే "తమ్ముడూ, ఆ నిచ్చెన జాగ్రత్త" అన్నాడు. ఆయన్నే అడిగాను, ఏ ట్రైనింగూ ఇవ్వలేదు, రెండే చెప్పాను. పని రాసి ఇవ్వండి, పొరపాటు జరిగితే అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పండి.

మూడో వారంలో భయపడ్డదే జరిగింది. కౌంటర్ దగ్గర ఒక కస్టమర్ గట్టిగా అరుస్తున్నాడు, అరుపు ఎవరి మీదో, ఇతను మాత్రం తన మీదే అనుకున్నాడు, తలలో గొంతులు మొదలయ్యాయి. ముందే అనుకున్న ప్రకారం నాకు "ఒకటి" అని మెసేజ్ పెట్టాడు. అలా పెడితే ఐదు నిమిషాల్లో ఫోను చేస్తానని మాటిచ్చాను, నేను వేరే మీటింగులో ఉన్నా సరే. గోదాం వెనక నిలబడి పది నిమిషాలు మాట్లాడాడు, నీళ్లు తాగాడు, వెళ్లి మిగిలిన డబ్బాలు సర్దాడు. పది నిమిషాల ఫోను ఆ రోజు ఉద్యోగాన్ని నిలబెట్టింది. మొదటిసారి ఆ ఫోను లేదు. అంతే తేడా, అతను మారలేదు.

డాక్టరు సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు మేం ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. అతని అనుమతితో ముగ్గురం కూర్చున్నప్పుడు పని వేళలు చెబితే, మందు వేసుకునే సమయాన్ని ఆయన రాత్రి కాస్త ముందుకు జరిపారు. పొద్దుటి మగత పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. తొమ్మిదింటి ఉద్యోగంలో చేరినప్పుడే ఈ మాట అడిగి ఉంటే బాగుండేది.

తొమ్మిదో నెలలో జబ్బు తిరగబెట్టింది. వరసగా మూడు రాత్రులు నిద్రలేదని అక్క గమనించింది, ఇలాంటి గుర్తుల జాబితా ఆమె దగ్గర ఉంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఐదు వారాలు పనికి రాలేకపోయాడు. ఇలా జరగొచ్చని ముందే అనుకుని, ఆ రోజుల్లో పని ఎవరు చూస్తారు, యజమానికి ఎవరు చెబుతారు అన్నది కాగితం మీద పెట్టుకున్నాం కాబట్టి ఈసారి చెప్పకుండా మానేయడం అనే పరిస్థితి రాలేదు. మూడో వారానికి గోదాం వెనక గుట్ట మళ్లీ పెరిగింది. యజమానే నాకు ఫోను చేశాడు, "ఎలా ఉన్నాడు, ఎప్పుడొస్తాడు?" అని. ఎనిమిదేళ్లలో నాకు అలాంటి ఫోను అదే మొదటిది.

మా వైపు మారింది, మారనిది

అప్పట్లో నా ఒక్కదాని కింద 46 మంది ఉండేవారు. ఐపీఎస్ ప్రమాణం 20కి మించకూడదంటుంది. 46 మంది ఉంటే ఎవరి "ఒకటి"కీ ఐదు నిమిషాల్లో జవాబు ఇవ్వలేం, ఇస్తామని మాటిచ్చి తప్పడం మాట ఇవ్వకపోవడం కన్నా అన్యాయం. ఇప్పుడు 24. క్లాసులు సగానికి సగం తగ్గించి ఆ సమయాన్ని యజమానులను కలవడానికి, ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తోడుగా ఉండటానికి మళ్లించాం. దీనివల్ల మా రిపోర్టులో "శిక్షణ పొందినవారు" అనే అంకె బాగా పడిపోయింది, నిధులిచ్చే ఒక సంస్థ తర్వాతి ఏడాది నుంచి తప్పుకుంది. మిగిలినవాళ్లను ఒప్పించడానికి రిజిస్టర్ తీరే మార్చాం, పచ్చ టిక్కు తీసేశాం, ప్రతి పేరు ఎదురుగా 30, 90, 180, 365 రోజుల గళ్లు ఉన్నాయి, ఆ రోజున పనిలో ఉన్నారా లేదా అన్నదే రాస్తాం. ఖాళీ గళ్లు చాలా కనిపిస్తున్నాయి. పాత రిజిస్టర్లో కూడా అవి ఉండేవి, మేం చూడలేదు.

తెగని చిక్కులు ఉన్నాయి. అతనికి ఇప్పటికీ పూర్తి రోజు పని లేదు, నాలుగు గంటలు ఆరయ్యాయి. జీతం పెరిగితే వైద్యానికి అందే సాయం ఆగిపోతుందేమోనని అక్కకు టెన్షన్, అందుకే గంటలు పెంచడానికి ముందు ఏది ఎంతవరకు ఆగుతుందో లెక్క వేసి చూపించాల్సి వచ్చింది, ఆ లెక్క మొదటి రోజే వేయాల్సింది. నాకు ఇంకో దిగులు కూడా ఉంది, ఇక్కడి ఏర్పాటంతా ఒక యజమాని, ఒక పెద్దాయన మీద నిలబడి ఉంది. వాళ్లలో ఒకరు మారితే?

ఆ రోజు వచ్చేసింది. అతను గోదాంలో చేరి 19 నెలలు నిండాయి, పెద్దాయన వచ్చే నెల రిటైర్ అవుతున్నాడు, గోదాంకి కొత్త మేనేజర్ వస్తున్నాడు. నేను వెళ్లి మాట్లాడనా అని అతన్ని అడిగితే వద్దన్నాడు. ఆ నాలుగు ముక్కల కాగితాన్ని మళ్లీ రాస్తున్నాడు, తన చేతిరాతతో, సీసాల మీద రాసినంత సన్నటి అక్షరాలతో. "పొద్దున మెల్లగా ఉంటాను" అన్న వాక్యం కొట్టేశాడు, ఇప్పుడు పదింటికే వస్తున్నాడు. జబ్బు పేరు రాయాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాడు, సోమవారం లోపు చెబుతానన్నాడు.